మదురై, కోయంబత్తూరు సీమల తెలుగువారి పాత ఇళ్ళు: నిట్రాట నుంచి ఇటుకగోడ దాకా

దక్షిణాదికి తరలివచ్చిన తెలుగువారి చరిత్రను వ్రాసినవారు ముఖ్యంగా మూడు ఆధారాల మీద నిలబడ్డారు. ఒకటి శాసనాలు, రెండు పాళెగాళ్ళ వంశావళులు, మూడు ఈనాటికీ ఆ కుటుంబాలలో వినబడే తెలుగు. నాలుగో ఆధారం ఒకటి ఉన్నది. అది ఆ తెలుగు వినబడే ఇల్లే. శాసనం రాజు మాట చెబుతుంది, వంశావళి నాయకుని మాట చెబుతుంది. సేద్యం చేసుకొని బ్రతికినవాని మాట చెప్పగలిగినది అతడు కట్టుకొన్న ఇల్లు. ఐనా ఆలయానికీ కోటకూ దక్కిన శ్రద్ధలో పదోవంతు కూడా ఈ రైతు ఇళ్ళకు దక్కలేదు.

కోయంబత్తూరు చుట్టూ పెరియనాయక్కన్‌పాళయం, నరసింహనాయక్కన్‌పాళయం, పాపనాయక్కన్‌పాళయం, పీలమేడు వంటి ఊళ్ళు, మదురై వైపు బోడినాయకనూరు, గండమనాయకనూరు, అమ్మయనాయకనూరు వంటి ఊళ్ళు, ఇంకా దక్షిణాన కోవిల్‌పట్టి, సాత్తూరు రేగడి పల్లెలు - వీటి పేర్లలోనో, వీటి కుటుంబాల నోళ్ళలోనో తెలుగు నిలిచి ఉన్నది. ఈ ఊళ్ళలో పాత ఇల్లు అనగానే చూపరికి మొదట కనబడేది ఇటుకగోడ, సున్నపు పూత, ఎర్రని పెంకు. వందేళ్ళనాటి ఇటుక ఇల్లు అని అక్కడితో సరిపెట్టుకొంటారు. ఇందులో సగమే నిజం. ఇటువంటి ఇళ్ళలో చాలా వాటికి ఇటుక తరువాత తొడిగిన చొక్కా మాత్రమే. కప్పు బరువును మోసేది లోపల ఉన్న కొయ్య. ఇల్లు వయస్సు తెలియాలంటే గోడను కాదు, స్తంభాన్ని అడగాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇదే. కొయ్య ఇల్లు ఇటుక ఇల్లుగా మారిన క్రమాన్ని, అందుకు దారితీసిన కారణాలను, ఆ మార్పు తరువాత మిగిలిన జాడలను వరుసగా పరిశీలిద్దాం.

వలస వచ్చినవారు, వెంట తెచ్చుకొన్నది

విజయనగర కాలంలో, ఆ పిమ్మట 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన ఆరంభించిన తరువాత తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతానికి పెద్ద సంఖ్యలో వచ్చాయి. డెబ్బైరెండు పాళెయాల ఏర్పాటును విశ్వనాథునికీ, ఆయన దళవాయి అరియనాథ ముదలియారుకూ ఆపాదించడం పరిపాటి. ఆ పాళెయాలలో చాలా వాటికి అధిపతులు కంబళత్తారు, అనగా రాజకంబళం నాయకర్లు. వీరి వెంటా, వీరి తరువాతా కమ్మవారు, రెడ్లు, బలిజలు, గవరలు, దేవాంగులు వచ్చారు. మీర్ జుమ్లా 1650లో గండికోటను పట్టుకొన్న తరువాత అక్కడినుంచి తరలివచ్చామని చెప్పుకొనే కమ్మవారి కుటుంబాలు కురువికుళం, ఇళైయరసనేందల్ ప్రాంతాలలో జమీందారులైనాయి. ఇడైసెవల్ గ్రామంలో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రచనలు చేసిన కి. రాజనారాయణన్ (1923–2021) తన ‘గోపల్లగ్రామం’ నవలలో ఇటువంటి వలసనే కథావస్తువుగా తీసుకొన్నారు. వచ్చినవారు అడవి కొట్టి, నేల చదును చేసి, ఊరు కట్టుకొన్న తీరు అందులో ప్రధానాంశం.

వలస వచ్చేవాడు ఇంటిని మోసుకొని రాలేడు. ఇల్లు కట్టే పద్ధతిని మాత్రం తీసుకొని వస్తాడు. ఆ నాటి తెలుగుదేశంలో ఇళ్ళు ఒకే తీరున లేవు. కోస్తాలో తాటాకు పాక, చుట్టిల్లు, కలిగినవారికి మండువా లోగిలి. రాయలసీమలో రాతిగోడల నడుమ కొయ్య స్తంభాలు నిలిపి, దూలాల మీద కట్టెలు పరచి, పైన చవుడు మట్టి దట్టించిన మిద్దె. రూపం వేరైనా వీటన్నిటిలో ఒక పోలిక ఉన్నది. కప్పు బరువులో పెద్ద పాలు కొయ్య మీద పడుతుంది. గోడ చాటు కోసం, చలికి, దొంగకు, పశువుకు అడ్డు కోసం. ‘నిట్రాడు’ అనే మాట తెలుగులో ఇంటికే కాక ఇంటి పెద్దకు కూడా వాడుకలోకి రావడం ఊరకే జరగలేదు. ఇంటిని నిలబెట్టేది గోడ కాదనీ నడిమి స్తంభమనీ ఆ మాట పుట్టించినవారికి తెలుసు.

కొత్త నేల కూడా ఈ పద్ధతికే అనుకూలించింది. పడమటి కనుమల చాటున ఉన్న కోయంబత్తూరు మైదానంలో ఏడాదికి 600–700 మిల్లీమీటర్లకు మించి వాన పడడం అరుదు. ఈ సీమలోనూ, కోవిల్‌పట్టి వైపూ విస్తారంగా ఉన్నది నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ అంటారు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నిలిచిన గోడ ఏటా కదులుతుంది, ఏటా బీటలు వేస్తుంది. కప్పు ఆ గోడ మీదే ఆనితే బీటతోబాటు కప్పూ దిగుతుంది. కప్పు స్తంభాల మీద ఉంటే గోడ బీటవేసినా పేడా మట్టీ కలిపి మెత్తితే సరిపోతుంది. అందువల్ల రేగడి నేలలో స్తంభం మీద కప్పు నిలపడం అలవాటు మాత్రమే కాదు, తెలివి కూడా.

ఇంటి ఎముకలు

మొదటి తరం ఇల్లు ఎట్లా ఉండేదో ఊహించడం కష్టం కాదు. ఆ రకం ఇళ్ళు పశువుల కొట్టాలుగా, తోటలో పాకలుగా ఇటీవలిదాకా నిలిచాయి. నేలలో గుంట తీసి కొయ్య పాతుతారు. నడుమ వరుసలో ఎత్తైన నిట్రాళ్ళు, అటూ ఇటూ పొట్టి గుంజలు. నిట్రాళ్ళ తలమీద వెన్నుగాడి, గుంజల మీద దూలాలు, వాటి మీదుగా వాలుగా వాసాలు, వాసాలకు అడ్డంగా పెండెలు, పైన తాటాకు గాని చొప్ప గాని బోద గాని. గోడ స్థానంలో కంప దడి, దానికి రెండువైపులా మట్టి మెత్తుట. నేలలో పాతిన కొయ్య తనంతట తానే నిలుస్తుంది. దానికి గోడ ఆసరా అక్కరలేదు. కాని చెద, తేమ దాని పాదాన్ని కొద్ది ఏళ్ళలో తినివేస్తాయి.

రెండవ మెట్టు ఈ చిక్కునుంచి పుట్టింది. కొయ్యను నేలలోనుంచి పైకి తీసి రాతిదిమ్మ మీద నిలిపారు. ఇది చిన్న మార్పుగా కనబడుతుంది. నిజానికి ఇంటి నిర్మాణమంతా దీనితో మారింది. దిమ్మ మీద నిలిపిన స్తంభం తనంతట తాను నిలవదు. నాలుగు వైపులనుంచి దూలాలు దానిని పట్టి ఉంచాలి. అందుకు కుసి, బెజ్జం కలిపి బిగించే నేర్పు కావాలి. ఇక్కడినుంచి ఇల్లు రైతు స్వయంగా కట్టుకొనే పని కాకుండా వడ్రంగి పని ఐనది. స్తంభం తలమీద అడ్డంగా నిలిచే బోదె దూలానికి ఆనికను పెంచి, రెండు స్తంభాల నడుమ దూరాన్ని కొంత తగ్గిస్తుంది. తాటిదూలమైతే స్తంభానికి స్తంభానికి నడుమ సాధారణంగా పది పన్నెండు అడుగులకు మించి ఎడం పెట్టరు. టేకు ఐతే కొంత ఎక్కువ పెట్టవచ్చు. గదుల వెడల్పును నిర్ణయించినది యజమాని కోరిక కాదు, దూలపు బలమే.

కొయ్యలో రకాలను కూడా గమనించాలి. తోటలో పెరిగే వేప, దిరిసెన, ఇప్ప, పొలం గట్టున ఉండే తాడి రైతుకు అందుబాటులో ఉన్నవి. ముదిరిన తాటిమాను చుట్టూ ఉండే చేవను చీల్చి వాసాలు చేస్తారు. నడిమి బెండును పారవేస్తారు. టేకు, వేగిస అడవి నుంచి రావాలి. కోయంబత్తూరు, పొల్లాచ్చి రైతులకు ఆనైమలై అడవులు, మదురై పడమటి రైతులకు కంబం లోయ చుట్టూ ఉన్న కొండలు దగ్గర. వీధి తిన్నె మీద నిలిచే నాలుగు స్తంభాలకు, ద్వారబంధానికి మంచి టేకు పెట్టి, లోపల తాటి కొయ్యతో సరిపెట్టడం ఎక్కువగా కనబడే ఏర్పాటు. పరువు వీధి వైపు, పొదుపు లోపలి వైపు.

ఈ పద్ధతి నిండుగా రూపొందిన ఇంటినే తమిళంలో ‘తొట్టికట్టు వీడు’ అంటారు. నడుమ ఆకాశానికి తెరచిన తొట్టి, దాని నాలుగు మూలల్లో నాలుగు స్తంభాలు, చుట్టూ పడసాల, ఒక పక్క ధాన్యపు గది, ఒక పక్క వంటిల్లు, వీధి వైపు తిన్నె. మన గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. ఐతే దీనిని తెలుగువారు మాత్రమే తెచ్చిన పద్ధతిగా చెప్పడానికి వీలులేదు. మలబారు నాలుకెట్టు, చెట్టినాడు భవనం, తంజావూరు పల్లె ఇల్లు కూడా నడిమి ముంగిలి గలవే. వచ్చినవారు తమ పద్ధతిని ఉన్నవారి పద్ధతితో పోల్చుకొని, సరిపడినచోట కలుపుకొన్నారని చెప్పడం న్యాయం. ‘తిన్నె’, ‘తిణ్ణై’ అనే మాటలలాగే ఇళ్ళు కూడా చుట్టాలే.

మట్టికోట, ఇటుక మేడ

రైతు ఇంటిలో మార్పు రావడానికి ముందే నాయకుని ఇంటిలో మార్పు వచ్చింది. దానికి కారణం వేరు. మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు ఇటుక, సున్నపు గచ్చు పనికి దక్షిణాదిలో పేరెన్నికగన్న ఉదాహరణ. రాజధానిలో ఇటుక ఇంత ఘనంగా లేచినా పాళెగాళ్ళ కోటలు మట్టితోనే నిలిచాయి. మదురైకి దక్షిణాన ఉన్న పాంచాలంకురిచ్చి ఇందుకు ప్రసిద్ధమైన సాక్ష్యం. కట్టబొమ్మన తెలుగు మాటాడే కంబళత్తు నాయకుడు. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆంగ్లేయులు ఆయనను ఉరితీసి కోటను పడగొట్టారు. ఆయన తమ్ముడు ఊమైదురై 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుంచి తప్పించుకొనివచ్చి కొద్దిరోజులలోనే ఆ కోటను మళ్ళీ లేపాడు. ఆ యుద్ధంలో ఉన్న జేమ్స్ వెల్ష్ అనే సైనికాధికారి తన జ్ఞాపకాలలో దానిని సుమారు 500 అడుగుల పొడవు, 300 అడుగుల వెడల్పు గల మట్టికోటగా వర్ణించాడు. ఫిరంగి గుండ్లకు అది తేలికగా లొంగలేదు. అదే ఏడు మే నెలలో కోట పడిపోయింది, ఈసారి నేలమట్టం చేయబడింది. ఇప్పుడు అక్కడ కనబడేది తమిళనాడు ప్రభుత్వం 1974లో కట్టించిన స్మారకమే.

ఈ సంఘటన నుంచి మనం గ్రహించవలసినది వీరగాథ ఒక్కటే కాదు. మట్టి, కొయ్య, తాటాకు - ఈ మూడింటితో కట్టినది కాబట్టి పడగొట్టినది కొద్దిరోజులలో మళ్ళీ లేచింది. పదార్థం ఊరిలోనిదే, పనివారూ ఊరివారే. ఇటుకకైతే బట్టీ కావాలి, వంటచెరకు కావాలి, నెలల వ్యవధి కావాలి. మట్టికట్టడం బీదతనానికి గుర్తని మనం ఈనాడు అనుకొంటాము. పాళెగాని కాలంలో అది త్వరగా లేవగల శక్తికి గుర్తు.

1801 డిసెంబరులో మద్రాసు ప్రభుత్వం వెలువరించిన ప్రకటన ఆయుధాలను నిషేధించి, కోటలను తీసివేయాలన్నది. 1803లో తిరునల్వేలి, రామనాథపురం సీమల పాళెయాలకు శాశ్వత పైకం నిర్ణయమై పాళెగాడు జమీందారు ఐనాడు. కోట ఉండరాదు గాని మేడ ఉండవచ్చు. 19వ శతాబ్దంలో ఎట్టయాపురం వంటి జమీనులలో లేచిన భవనాలకు వెనుక ఈ మార్పు ఉన్నది. మట్టిగోడ యుద్ధానికి చెందినది, ఇటుకగోడ పేష్కష్ కట్టి బ్రతికే మర్యాదకు చెందినది. ఈ మర్యాద జమీందారు మేడనుంచి పెద్దకాపు ఇంటికి, అక్కడినుంచి సామాన్య రైతు ఇంటికి మెట్టు మెట్టుగా దిగింది.

రైతు ఇంటికి ఇటుక ఎట్లా వచ్చింది?

మర్యాద కోరికను పుట్టిస్తుంది, గోడను పుట్టించలేదు. గోడకు డబ్బు, పదార్థం, అవసరం మూడూ కలిసిరావాలి. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో అవి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

మొదటిది డబ్బు. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర పెరిగి రేగడి రైతు చేతిలో రొక్కం ఆడింది. 20వ శతాబ్ది ఆరంభంలో వచ్చిన కంబోడియా పత్తి బావికింది సేద్యానికి సరిపడి కోయంబత్తూరు కమ్మవారికి బాగా కలిసివచ్చింది. కంబం లోయకూ, మదురై జిల్లాకూ 1895లో పెరియారు ఆనకట్ట నీరు వచ్చింది. 1910లో లక్ష్మీ మిల్లు వంటి సంస్థలు రైతుకుటుంబాల నుంచే లేచాయి. 1932లో పైకారా జలవిద్యుత్తు అందిన తరువాత మిల్లులూ, బావులమీద పంపులూ వేగంగా పెరిగాయి. ఒక్కొక్క మెట్టులో ఇంటికి ఒక్కొక్క హంగు చేరింది.

రెండవది కొయ్య కొరత. ఇది ఎక్కువమంది గమనించని కారణం. 1848 నుంచే ఆనైమలై టేకును ప్రభుత్వం నౌకానిర్మాణం కోసం కొట్టించసాగింది. కెప్టెన్ మైఖేల్ ఆ పనిని ఆరంభించాడు. కొండమీదనుంచి దుంగలను దొర్లించిన చోటికే టాప్‌స్లిప్ అనే పేరు నిలిచింది. 1850ల తరువాత రైలుమార్గానికి కొయ్య కావలసివచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు అడవులు ఏర్పడ్డాయి. తాత బండి తోలుకొనివెళ్ళి తెచ్చుకొన్న మానును మనుమడు డిపోలో వేలం పాడి కొనవలసివచ్చింది. కలిగినవారు మౌల్‌మేన్, రంగూన్ రేవులనుంచి దిగిన బర్మా టేకును కొన్నారు. లేనివారు ఉన్న స్తంభాలను పదిలపరచుకొన్నారు. ఇక్కడే మన విషయానికి కీలకం ఉన్నది. మంచి కొయ్య కొత్తగా దొరకదు కాబట్టి పాత కొయ్య చట్రాన్ని పడగొట్టకుండా, దాని చుట్టూ దడిని తీసివేసి ఇటుక పేర్చారు. ఇటుక కట్టుట కొయ్యను వదలుకోవడం కాదు, దానిని కాపాడుకోవడం.

మూడవది రైలు తెచ్చిన పెంకు. మద్రాసు నుంచి పోదనూరు మీదుగా బేపూరు రేవు దాకా 1862 నాటికి రైలు నడిచింది. మదురైకి 1875లో చేరింది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో మొదటి పెంకుల కర్మాగారం పెట్టారు. పిమ్మట మలబారు తీరంలో కూడా ఆ పరిశ్రమ వ్యాపించింది. పాలక్కాడు కనుమ మీదుగా ఆ పెంకు కోయంబత్తూరు రైతు ఇంటికి వచ్చింది. తాటాకుకు వాలు ఎక్కువ కావాలి, లేకపోతే నీరు నిలుస్తుంది. మంగుళూరు పెంకుకు అంత వాలు అక్కరలేదు, కాని కోసిన రీపర్లు సమానమైన ఎడంతో కావాలి. వంకర వాసం మీద తాటాకు కుదురుతుంది, పెంకు కుదరదు. అందువల్ల చాలా ఇళ్ళలో కింద స్తంభాలు, దూలాలు పాతవే ఉండగా పైన వాసాలు మాత్రం కొత్తవి. ఒకే ఇంట్లో మూడు తరాల కొయ్య కనబడుతుంది.

ఇటుకకు మట్టి కూడా ఒక సమస్యే. రేగడితో మంచి ఇటుక రాదు, ఆరేటప్పుడే పగులుతుంది. చెరువు ఒండ్రు గాని, ఎర్రమట్టి గాని కావాలి. అందుచేత చెరువున్న ఊళ్ళు ముందుగా ఇటుక ఇళ్ళకు మారాయని, మెట్ట పల్లెలు ఆలస్యంగా మారాయని భావించడానికి అవకాశం ఉన్నది. కోయంబత్తూరుకు వాయవ్యాన తడాగం లోయలో ఇటుక పరిశ్రమ బాగా విస్తరించి, ఎర్రమట్టి తవ్వకాల మీద వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళి, 2021లో బట్టీలు మూతపడ్డాయి. ఇటుక కూడా నేలనుంచి తీసుకొన్న అప్పే అని ఆ లోయ చెబుతున్నది.

ఈ పరిణామం మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో ఓక్ చట్రాలతో కట్టిన ఇళ్ళకు 17, 18 శతాబ్దాలలో ఇటుక ముఖాలు తొడిగారు. లండన్‌లో 1666 అగ్నిప్రమాదం తరువాత వచ్చిన చట్టం కొత్త ఇళ్ళకు ఇటుకో రాయో తప్పనిసరి చేసింది. హాలండు తూర్పు భాగంలో, ఉత్తర జర్మనీలో పెద్ద రైతు ఇళ్ళను ఇప్పటికీ లోపల రెండు వరుసల కొయ్య స్తంభాలే మోస్తాయి. బయట దడి స్థానంలో ఇటుక వచ్చింది. పశువులూ మనుషులూ ధాన్యమూ ఒకే కప్పు కింద ఉండే ఆ ఇళ్ళ ఏర్పాటు మన రాయలసీమ మిద్దెను జ్ఞప్తికి తెస్తుంది. అక్కడ అటువంటి ఇళ్ళను ఒక్కొక్క స్తంభం లెక్కన కొలిచి, చిత్రించి, భద్రపరచిన సంస్థలు ఉన్నాయి. మనకు ఆ పని ఇంకా మొదలు కావలసి ఉన్నది.

గోడలో దాగిన స్తంభం

ఇటుక చొక్కా కింద కొయ్య ఎముక ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఇంటిని పడగొట్టనక్కరలేదు. చూడవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. గోడ పైఅంచు దూలాన్ని తాకకుండా జానెడు కింద ఆగిపోతే, ఆ గోడ కప్పును మోయడం లేదని అర్థం. గోడలో సగం మునిగి సగం పైకి కనబడే స్తంభం ఉంటే, స్తంభం ముందు, గోడ తరువాత. స్తంభం పక్కలలో పనికిరాని బెజ్జాలు వరుసగా ఉంటే, ఒకప్పుడు అక్కడ దడి కర్రలు దూర్చేవారని గ్రహించాలి. ద్వారబంధం మందం గోడ మందంకన్నా బాగా తక్కువై, దాని చుట్టూ ఇటుకలు అతుకులుగా పేర్చి ఉంటే, ద్వారబంధం పాత సన్నగోడకు చేసినది. వంటింటికి దూరంగా ఉన్న వాసాలకు కూడా మసి పట్టి ఉంటే, అవి వేరొకచోటనుంచి తెచ్చి వాడిన కొయ్య కావచ్చు.

ఇటువంటి ఇంటికి ఒక బలం ఉన్నది, ఒక బలహీనత ఉన్నది. కొయ్య వంగుతుంది, ఇటుక వంగదు. 1900 ఫిబ్రవరి 8న కోయంబత్తూరు ప్రాంతంలో గట్టి భూకంపం వచ్చింది. అటువంటి కుదుపులో కుసులతో బిగించిన చట్రం ఊగి నిలుస్తుంది, గోడ రాలినా కప్పు వెంటనే పడదు. ఇది బలం. ఐతే ఇటుకలో పూడిన స్తంభానికి గాలి ఆడదు. సున్నపు గచ్చు తేమను పీల్చి వదులుతుంది కాబట్టి పాతకాలంలో కొయ్య చాలావరకు నిలిచింది. ఈ మధ్య మరమ్మతుల పేరుతో సిమెంటు పూసినచోట తేమ లోపలే చిక్కుకొని స్తంభం కంటికి కనబడకుండా కుళ్ళుతుంది. ఇల్లు పాతది కాబట్టి పడిపోయిందని అనుకొంటారు. చాలాసార్లు దానిని పడవేసినది కొత్త పూత.

పెళ్ళిపందిరి సాక్ష్యం

కొయ్య ఇల్లు గోడలో దాగి ఉండడమే కాదు, ఆచారంలో కూడా దాగి ఉన్నది. కంబళత్తారి పెళ్ళిని గురించి 1868లో వెలువడిన మదుర మాన్యువల్‌లో నెల్సన్, 1909లో తన గ్రంథంలో థర్స్టన్ వ్రాసినది ఇక్కడ స్మరించదగినది. ఊరి పొలిమేరకు వెలుపల రెండు పందిళ్ళు వేస్తారు. ఒక్కొక్క దానిలో ఎద్దు గంతను పెట్టి, దాని మీద వధూవరులను కూర్చోబెడతారు. ఇంటిలో ఎంత గట్టి కప్పు ఉన్నా ఆ పెళ్ళి ఆకు కప్పు కిందనే జరగాలి. వీరి వలసకథలో కూడా చెట్టే ఇల్లుగా, వంతెనగా నిలుస్తుంది. తురకల సేన తరుముతుండగా ఏరు అడ్డం వచ్చినదనీ, రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి కొమ్మలు కలిపి దాటించాయనీ ఆ కథ. గంతతో, పచ్చి ఆకులతో వేసిన ఆ పందిరి, ఎద్దుల మీద సామాను వేసుకొని నడచిన కాలపు ఇంటికి జ్ఞాపకమని మేము భావిస్తున్నాము.

తక్కిన తెలుగువారిలో కూడా ఈ జాడ లేకపోలేదు. శంకుస్థాపన అంటే మాటవరసకు మేకు పాతడమే. ఇటుక ఇల్లు కట్టేటప్పుడు కూడా ముహూర్తం పెట్టి, పసుపు కుంకుమ అద్ది, నవధాన్యాలు కట్టి నిలిపేది ద్వారబంధాన్ని. తమిళులు దీనినే నిలై వైప్పు అంటారు. ఒక్క ఇటుక గోడకు లేని మర్యాద ఆ కొయ్యకు ఉన్నది. గడపకు పసుపు రాస్తాము, గోడకు సున్నం వేస్తాము. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అనే సామెత తెలుగులోనూ తమిళంలోనూ ఒకే రూపంలో ఉన్నది. ఆ రెండు కార్యాలకూ మొదట నిలిపేది గుంజే కావడం గమనించదగినది.

ముగింపు

ఈ చరిత్రకు ఒక విచిత్రమైన కొనసాగింపు ఉన్నది. 20వ శతాబ్ది చివరినుంచి ఈ ఊళ్ళలో లేస్తున్న కొత్త ఇళ్ళు ఇనుము, కంకర, సిమెంటుతో పోసిన స్తంభాల మీద నిలుస్తున్నాయి. ముందు స్తంభాలు, దూలాలు, కప్పు లేస్తాయి. ఆ తరువాత నడుమ ఇటుక పేరుస్తారు. గోడ మళ్ళీ చాటు కోసమే ఐనది. గోడే కప్పును మోసిన కాలం నడుమ వచ్చిన కొద్ది తరాల ముచ్చట మాత్రమే. తాత నిట్రాడు అన్నదానిని మనుమడు పిల్లర్ అంటున్నాడు. సూత్రం తిరిగివచ్చింది, మాట మాత్రం తిరిగిరాలేదు.

మా ఆందోళన ఈ మాటల గురించే. వెన్నుగాడి, దూలం, వాసం, పెండె, బోదె, కుసి, చూరు, దడి - ఇవి ఆ ఇళ్ళలోని పెద్దల నోట ఇంకా ఉన్నాయి. వారి తెలుగుకు బడి లేదు, లిపి లేదు, పుస్తకం లేదు. వస్తువు ఉన్నంతకాలమే మాట ఉంటుంది. ఇల్లు పడగొట్టినరోజున టేకు స్తంభాన్ని పాతకొయ్య వ్యాపారి కొనుక్కొని పోతాడు, అది ఏదో ఒక హోటలు ముందో, విడిది గృహంలోనో అలంకారంగా నిలుస్తుంది. దాని పేరును కొనుక్కొనేవారు లేరు. చుట్టూ తమిళపు గోడ లేచినా లోపల బరువు మోస్తూ నిలిచిన ఇంటి తెలుగుకు, ఈ స్తంభాలకు పోలిక ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాదు. తేడా ఒక్కటే. స్తంభం పడితే చప్పుడు వినబడుతుంది.

కాబట్టి తెలుగు శాఖల విద్యార్థులు మాండలిక పదసేకరణకు ఈ ఊళ్ళకు వెళ్ళినప్పుడు కథలు, పాటలతోబాటు ఇంటిని కూడా వ్రాసికొని రావాలని మా కోరిక. ఇందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. ఒక టేపు, ఒక కాగితం, ఇంటి పెద్దలతో కూర్చునే ఓపిక చాలు. స్తంభాలు ఎన్ని, ఎంత దూరాన ఉన్నాయి, ఏ కొయ్య, పాదం రాతి మీదనా నేలలోనా, గోడ దూలాన్ని తాకుతున్నదా లేదా, ఒక్కొక్క భాగాన్ని ఇంట్లోవారు ఏమని పిలుస్తారు - ఇంతమాత్రం నమోదు చేసినా ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క శాసనమవుతుంది. రాతి శాసనాలను రేపు చదవవచ్చు. కొయ్య శాసనాలకు అంత వ్యవధి లేదు.